పాలడబ్బాలో రెండు లెక్కలు

2011 డిసెంబరులో జపాన్‌లో మెయిజీ కంపెనీ అమ్మే శిశువుల పాలపొడిలో రేడియోధార్మిక సీసియం బయటపడింది. కిలోకు గరిష్ఠంగా 30.8 బెక్వెరెల్‌లు. అప్పటి ప్రభుత్వ పరిమితి 200 కాబట్టి చట్టప్రకారం తప్పు లేదు. అయినా కంపెనీ దాదాపు 4 లక్షల డబ్బాలకు బదులు కొత్తవి ఇస్తామంది. పాలను పొడిగా ఆరబెట్టేందుకు వాడిన గాలితోపాటే, ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగిన మార్చి నెలలో, సీసియం లోపలికి చేరిందని భావించారు.

అలాంటి పొడిని జెర్మేనియం డిటెక్టర్‌తో పరీక్షిస్తే, గామా కిరణాల శక్తినిబట్టి ఏదుందో, వాటి సంఖ్యనిబట్టి ఎంతుందో తెలుస్తుంది. 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కనిపించేది సీసియం-137. 1461 దగ్గరది పొటాషియం-40, భూమి పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. గ్రాము పొటాషియంలో సెకనుకు సుమారు 31 పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి, అంటే 31 బెక్వెరెల్‌లు. కిలో పొడిలో 5 గ్రాముల పొటాషియం ఉందనుకున్నా లెక్క 150 బెక్వెరెల్‌లు దాటుతుంది. తల్లిపాలలోనూ, బిడ్డ కండరాల్లోనూ ఉన్నది అదే పొటాషియం.

దేవుడు పెట్టినదే మనిషి కలిపినదానికి అయిదింతలుంటే, ఆ 30కి ఇంత కలవరమెందుకు?

దీనికి శరీరమే సగం జవాబు చెబుతుంది. అది తనలోని పొటాషియాన్ని ఒకే స్థాయిలో నిలుపుకుంటుంది, మిగిలింది బయటికి పంపేస్తుంది. సీసియం ఉన్నదానిమీద అదనంగా వచ్చి పడేది.

మిగతా సగం ధర్మానికి సంబంధించినది. సాంఖ్య దర్శన గ్రంథమైన సాంఖ్యకారిక దుఃఖత్రయంతోనే మొదలవుతుంది: మన దేహమనసుల్లో పుట్టేది ఆధ్యాత్మికం, ఇతర ప్రాణులవల్ల కలిగేది ఆధిభౌతికం, దైవశక్తులవల్ల వచ్చేది ఆధిదైవికం. ఆ విభజన పరిమాణాన్నిబట్టి కాదు, మూలాన్నిబట్టి. పొటాషియం-40 ఉన్నందుకు ఎవరినీ నిలదీయలేం. సీసియం విషయంలో నిలదీయవచ్చు, నిలదీయాలి కూడా. ఫుకుషిమా మీద విరుచుకుపడిన సునామీ దైవికమే, కానీ అక్కడి ప్రమాదం మనుషులు తెచ్చిపెట్టిన విపత్తేనని జపాన్ పార్లమెంటు నియమించిన విచారణ సంఘం 2012 జులైలో తేల్చింది.

కర్మ సిద్ధాంతాన్ని ఇక్కడికి లాక్కొచ్చి, అంతా ఆ బిడ్డ ప్రారబ్ధమనడం అన్యాయం. కర్మకు కర్త ఉంటాడనేది ఆ సిద్ధాంతంలోనే మొదటి మాట. పాలసీసా తప్ప మరేదీ ఎరగని పసివాడు ఆ కర్త కాడు. రియాక్టరు నడిపినవారు, దానిమీద నిఘా ఉంచాల్సినవారు కర్తలు.

జపాన్ ప్రభుత్వం 2012 ఏప్రిల్ నుంచి శిశువుల ఆహారంలో సీసియం పరిమితిని కిలోకు 50 బెక్వెరెల్‌లకు తగ్గించింది.