నోటి మాట

నోట ననినంతమాత్రమున మనుష్యుడు మాఱునా? క్రైస్తవమతమును గూర్చిన ప్రసంగములలో నీ ప్రశ్న తఱచుగా వినవచ్చుచుండును. మేము క్రైస్తవులము గాము; అయినను వారి గ్రంథమును శ్రద్ధతో జదివినవారము. ఆ మతమున నోటిమాటకు గల స్థానము మిక్కిలి పెద్దది. దేవుడు మాటతోడనే లోకమును సృజించెనని వారి గ్రంథము చెప్పును. యోహాను సువార్త క్రీస్తునే వాక్యమని పేర్కొనును. (మన బడులలో వాక్యమనగా కర్తృకర్మక్రియల కూడిక. అంత చిన్న పదమున కింతటి బరువు నెత్తిన తెలుగు భాషాంతరీకర్తల సాహసమును మెచ్చుకొనకుండ జాలము.) పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో హృదయమునందలి విశ్వాసమునకు నోటి యొప్పుకోలును జతపఱచెను. హృదయమున నున్నది చాలదా? సర్వజ్ఞుడైన దేవునికి మన నోరు క్రొత్తగా వినిపింపవలసిన దేమున్నది?

ఈ శంకకు మాకు దోచిన సమాధానము పేతురు కథలో నున్నది. యేసును బట్టుకొనిపోయిన రాత్రి, ప్రధానయాజకుని యింటి ముంగిట నాతడు చలిమంట కాచుకొనుచుండగా నొక దాసి గుర్తుపట్టెను. ఆయన నెఱుగనని పేతురు బొంకెను. ఇట్లు ముమ్మాఱు బొంకెను. హృదయమున ప్రేమ లేక కాదు. లేకున్న నా ముంగిటివఱకు వెంబడించి వచ్చియే యుండడు. కోడి కూసినప్పు డాతడు బయటికి బోయి వెక్కివెక్కి యేడ్చెను. కథ యా యేడ్పుతో ముగియవచ్చును గదా! ముగియలేదు. పునరుత్థానమైన పిదప తిబెరియ సముద్రతీరమున, నిప్పులమీద కాలిన చేపలు తినిన పిదప (అక్కడను నిప్పులే యుండుట గమనింపదగినది), యేసు తనయెడ ప్రేమ గలదా యని ముమ్మా ఱడిగి, ముమ్మాఱును బదులు చెప్పించెను. మూడవమాఱు పేతురు మనసు నొచ్చుకొనెను. తన హృదయము ప్రభువునకు దెలియదా యనునదియే యాతని బాధ.

తెలియుననియే మా తలంపు. చెప్పవలసిన యక్కఱ పేతురుదే. ఏ నోరు నలుగురిలో బొంకెనో యా నోరే నలుగురిలో నిజము పలుకవలెను. చాటున పశ్చాత్తాపపడిన హృదయము మరల చాటుననే జాఱిపోగలదు. పదిమంది వినగా బలికిన మాట పలికినవానిని విడువదు. యేసు ప్రతి బదులునకును వెంటనే గొఱ్ఱెలను మేపుమను పని యొకటి తగిలించుటయు నిందుకే కాబోలు.

అయిన నట్టి మాట నిజమైనదని యెఱుగుట యెట్లు? మన యొంగోలు ప్రాంతమున జరిగిన దొకటి చెప్పుదుము. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును ఘోరమైన కఱవు పీడించెను. అమెరికా బాప్తిస్టు మిషనుకు జెందిన జాన్ క్లౌ దొర బకింగుహాము కాలువలో సుమారు మూడున్నర మైళ్లు త్రవ్వించు పనిని గుత్తకు దీసికొని, ఆకలిగొన్న వేలకొలది జనులకు కూలి యిప్పించెను. పని వేళ బోధకులు వారితో మాటలాడుచుండిరి. వినినవారిలో బాప్తిస్మ మిమ్మని యడిగినవారు పెక్కురు. దొర యియ్యలేదు. కూటికొఱకు బలికిన యొప్పుకోలు కూటితోనే తీఱిపోవునని యాతని భయము. కాలువపని ముగిసి, కూలి యాశ తీఱిన పిదప, 1878 జూలై 3వ తేదిని వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మయేటిలో నొక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. ఈ సంఖ్యను జూచి మెచ్చినవారును గలరు, నవ్వినవారును గలరు. మేము మెచ్చునది సంఖ్యను గాదు, దానికి ముందటి నిరాకరణమును.

వారిలో పెక్కురు మాదిగలు. విగ్రహములను మ్రొక్కరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, ఆదివారమున పని చేయరాదు అను మూడు కట్టుబాట్లకు వా రొప్పుకొనవలెను. వారమున కొకదినము పని మానుదునని చెప్పుట మనవంటివారికి లెక్కలోనిది గాదు. కోతలకాలమున నాసామి యెదుట నిలువబడి, తరతరములుగ తలవంచిన కులమున బుట్టినవాడు రేపు రానని చెప్పుటయో? అంతవఱకు దొరా యనుటయే గాని కాదనుట యెఱుగని నో రది. ఊరి జాతరకు డప్పు కొట్టననుటయు నట్టిదే. ఆ మాటకు దెబ్బలు దినినవారు గలరు. ఆ 2,222 మందియు నొక్కరీతిగ మాఱిరని మే మనజాలము. కొందఱు పూర్వపు దారికే పోయియుందురు. కాని కాదని యొకసారి గట్టిగ బలికినవాని వెన్నెముక మరల మునుపటివలె వంగుట కష్టము.

ఇంతయు వ్రాసి మా సంగతి దాచుట న్యాయము గాదు. ఒకనాటి సాయంకాలము మా యింట యాకోబు పత్రిక మూడవ యధ్యాయము చదువుకొంటిమి. నాలుక చిన్న నిప్పువలె నడవినంత దహింపగలదని చెప్పు ఘట్ట మది. చదువు ముగిసి గడియయైన గాలేదు. పనిమనిషి చేతినుండి గాజుదీపము జాఱి పగిలెను. మా నోట వచ్చిన మాట లిచ్చట వ్రాయదగినవి గావు. పిల్లలు వినిరి. రాత్రి నిదుర పట్టలేదు. మనసులో పలుమాఱు క్షమాపణ చెప్పుకొంటిమి. ఎంత చెప్పుకొన్నను బరువు తగ్గలేదు. ఆమె యెదుట, పిల్లల యెదుట తప్పు మాదని చెప్పుటకు మఱునా డుదయమున గొంతు పెగలుట యెంత కష్టమైనదో! ఏడేండ్లుగ మా యింట బనిచేయుచున్న యామెను మే మెన్నడును పేరుపెట్టి పిలిచియుండలేదని యప్పుడు తోచెను. క్షమింపుమని చెప్పుటకు ముందు ఆమె పేరు మా పిల్లల నడిగి తెలిసికొనవలసి వచ్చెను.