వేసవి సెలవుల్లో ఫుడ్ బ్యాంక్

అమెరికాలో ఏ తెలుగింటి హైస్కూలు పిల్లాణ్ని కదిపినా సేవ సంగతి గంటల్లోనే చెబుతాడు. వాడి తప్పేం లేదు. మేరీలాండ్‌లో 75 గంటల సేవ చూపించనిదే హైస్కూలు పట్టా చేతికి రాదు. 2003లో మొదలైన ప్రెసిడెన్షియల్ వాలంటీర్ సర్వీస్ అవార్డు పదహారేళ్లు దాటిన యువతకు ఏడాదిలో 100 గంటలకు కాంస్యం, 250 గంటలకు స్వర్ణం అని మెట్లు కట్టింది. ఆ పతకాల ఫొటోలు మన సంఘాల సంచికల్లో చూస్తూనే వచ్చాం. కాలేజీ దరఖాస్తు కోసమే ఈ తంటాలన్నీ అని పెదవి విరిచే పెద్దలూ ఉన్నారు. అయితే మాత్రమేం? పిల్లవాడు ఎందుకు వచ్చినా, ఫుడ్ బ్యాంకులో వాడు సర్దిన పెట్టె చేరేది ఆకలిగొన్న ఇంటికే.

మన పెద్దాపురం నుంచి అమెరికా వెళ్లినవాళ్లకు అన్నం పెట్టడం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఊళ్లో డిగ్రీ కాలేజీ ఏ మహారాణి పేరు మీద ఉందో, ఆ వత్సవాయి బుచ్చి సీతయ్యమ్మే పెద్దాపురంలోనూ కత్తిపూడిలోనూ సత్రాలు పెట్టించారు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళగాని వేళ ఏరు దాటి వచ్చినవాళ్లకు కూడా పొయ్యి వెలిగించి వండి వడ్డించారు. కులమేమిటి, ఊరేమిటి అని అడగలేదు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు ఆవిడ పేరే.

అంత డబ్బున్న అమెరికాలో ఆకలేమిటని మన ఊళ్లోవాళ్లు ఆశ్చర్యపోతారు. అక్కడి వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం 2023లో 13.5 శాతం కుటుంబాలకు ఏదో ఒక సమయంలో తిండికి ఇబ్బంది వచ్చింది. ఈ కొరత తీర్చే ఫుడ్ బ్యాంకుల్లో మొదటిది 1967లో ఫీనిక్స్‌లో పుట్టింది. ఫుడ్ బ్యాంకుల్లో పిల్లలు చేసే పని చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. డబ్బాల మీద తేదీలు చూడాలి, నలిగిన పండ్లు ఏరెయ్యాలి, బీన్స్, పాస్తా, సీరియల్ పెట్టెల్లో సర్దాలి. రెండు గంటలు నిలబడితే కాళ్లు లాగుతాయి.

అమెరికాలోని మన తెలుగు సంఘాలూ ముందుకొస్తున్నాయి. బడులు తెరిచే ముందు తానా స్థానిక పిల్లలకు బ్యాక్‌ప్యాకులు పంచుతోంది. నాట్స్ ఫుడ్ డ్రైవ్‌లు నడుపుతోంది. పుట్టిన ఊరి బడికి డబ్బు పంపడంతో ఆగిపోకుండా, ఉంటున్న ఊరి అవసరం చూడటం మంచి మలుపే. కాకపోతే చాలాసార్లు బ్యానర్ కట్టి, ఫొటో దిగి, సామాన్లు అప్పగించేసరికి కార్యక్రమం అయిపోతుంది.

అసలు చిక్కు వేసవిలో ఉంది. 1946 చట్టంతో అమెరికా బడుల్లో మధ్యాహ్న భోజన పథకం స్థిరపడింది. బడి మూస్తే చాలామంది పేద పిల్లలకు ఆ పూట తిండి కూడా పోతుంది. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ రోజుల్లో ఫుడ్ బ్యాంకులకు కార్యకర్తలు వద్దన్నా వస్తారు. జూన్, జూలైల్లో పిలిచినా దొరకరు. మన కుటుంబాలు ఇండియాకు బయల్దేరేదీ, సంఘాల మహాసభలు జరిగేదీ సరిగ్గా అప్పుడే.

అందుకే ఈ సంచిక చదివే తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ జూలైలో ప్రయాణం లేనివాళ్లు దగ్గర్లోని ఫుడ్ బ్యాంకులో ప్రతి శనివారానికీ పిల్లల పేర్లు రాయించండి. చిన్నపిల్లల పక్కన పెద్దవాళ్లు ఉండాలని చాలాచోట్ల నియమం, కాబట్టి దింపేసి వచ్చెయ్యకుండా మీరూ ఉండండి.