జలములందలి ఔషధము

సంధ్యావందనమున మార్జనము చేయువాడు శిరస్సుపై జలమును ప్రోక్షించుకొనుచు జలదేవతలను ప్రార్థించును. ఆ ప్రార్థన ఋగ్వేదము పదవ మండలములోని జలసూక్తమునుండి గ్రహింపబడినది. జలములలో సమస్తౌషధములును కలవని సోముడు ఋషికి తెలిపిన మాటయు ఆ సూక్తముననే యున్నది. దాహమును, తాపమును, మాలిన్యమును పోగొట్టు జలమునకు మించిన మందు లేదని పెద్దలు దానికి అర్థము చెప్పుచు వచ్చిరి. ఋషి తలపోయని మరియొక అర్థములో ఆ మాట నేడు అక్షరాల నిజమైనది.

హైదరాబాదునకు వాయవ్యదిశను పటాన్‌చెరు పారిశ్రామికవాడ కలదు. 1970 దశకమునుండి అక్కడ వెలసిన కర్మాగారముల మందులు దేశదేశములకు పోవుచున్నవి. సుమారు 90 మందుల కర్మాగారముల వ్యర్థజలమును ఒక ఉమ్మడి కేంద్రమునకు చేర్చి, శుద్ధిచేసి, వాగులోనికి విడిచెడివారు. ఆ విధముగా శుద్ధి పొంది వెలువడు నీటినే స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఫలితములను 2007లో ప్రకటించిరి. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు 31 మిల్లీగ్రాముల వరకు కనబడెను. ఆ మందు సేవించు రోగి రక్తములో నుండు పరిమాణముకంటె అది అధికము. ఒక్క దినమున వాగుపాలగు ఆ మందు సుమారు 45 కిలోలని, స్వీడన్ దేశమంతయు ఐదు దినములు వాడుకొను మందుతో అది సమానమని లెక్క తేలినది. 2009లో వెలువడిన మరియొక పరిశీలనలో సమీపపు చెరువులయందును, పల్లెల బావులయందును గూడ మందులు బయటపడినవి.

బావిలో మందు కలసినదని గృహస్థు ఎట్లు తెలిసికొనును? నీటి రంగు మారదు, వాసన రాదు. వస్త్రముతో వడగట్టిన నీటినే త్రాగవలెనని మనువు చెప్పెను. ఇంటింట నేటికిని ఆ ఆచారము కలదు. వడగట్టుటచే నలుసులు, పురుగులు పోవును; నీటిలో కరగిపోయిన మందు గుడ్డకు చిక్కదు. కాచి చల్లార్చుటవలన క్రిములు చచ్చును గాని అట్టి మందు తొలగిపోవునన్న నమ్మకము లేదు. పైగా ఏటి నీరు వరదకు కొట్టుకొనిపోవును. భూగర్భజలము మిక్కిలి మెల్లగా కదలును, చేరిన దోషమును ఏండ్ల తరబడి దాచుకొనును.

అంత స్వల్పమైన మందు ఏమి చేయగలదని తోచవచ్చును. క్రిములను చంపు మందు చాలినంత లేనిచోట వానిని చంపజాలదు. ఆ మందును ఓర్చుకొనుట మాత్రము వానికి నేర్పును. అట్లు నేర్చిన క్రిమి పసిబిడ్డకు సోకిననాడు వైద్యుడిచ్చు మందు పనిచేయదు. ఒక మేలుకై పుట్టిన ద్రవ్యము ఎక్కడికి పోయి ఏమగునో తయారించినవాడును ఎరుగడు. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ అను మందు అట్టిదే. ఆ పశువుల కళేబరములను తిన్న రాబందులు మూత్రపిండములు చెడి చచ్చుచున్నవని 2004లో తెలిసినది. భారతదేశమున 2006లో పశువులకు ఆ మందును నిషేధించునాటికే జటాయువు కులము చాలవరకు నశించెను. శ్రీరాముడు తండ్రికివలె దహనసంస్కారము చేసిన పక్షిజాతికి కలిగిన ఈ దుర్గతి తలచుకొనిన గుండె చెరువగును.

ఇక ధర్మవిచారము. మందు చేయువాని సంకల్పము రోగనివారణమే. మరి పాపమెవరిది? చేయువాడు, చేయించువాడు, ప్రేరేపించువాడు, అనుమోదించువాడు నలువురును పుణ్యపాపములందు సమభాగులని పెద్దల మాట. ఆలయనిర్మాణమునకు రూపాయి ఇచ్చినవానికి పుణ్యమున భాగము కలదని చెప్పుటకు పౌరాణికులు దీనిని తరచుగా వాడుదురు. పాపము విషయమున అంత తరచుగా వాడరు! రాత్రివేళ గొట్టపు మూత తెరచినవాడు చేయువాడు. ఖర్చు మిగులునని ఆజ్ఞ యిచ్చిన యజమాని చేయించువాడు. నీటి సంగతి అడుగక చవుకధరను మాత్రమే కోరు దూరదేశపు వర్తకుడు ప్రేరేపించువాడు. వైద్యుని అడుగకయే ప్రతి జలుబునకు అంగడిలో మాత్రలు కొని మ్రింగి, మిగిలినవానిని మురుగుకాలువలో వేయు గృహస్థు నాలుగవవాడు కాకపోడు. మ్రింగిన సిప్రోఫ్లాక్సాసిన్‌లో సగమునకు దగ్గరగా మూత్రముతో మారకయే వెలువడును.

నలువురును సమభాగులనగా నలువురకును ఒకటే ప్రాయశ్చిత్తమని కాదు. తెలియక చేసినదానికి ఒకటి, తెలిసి చేసినదానికి వేరొకటి స్మృతులు విధించినవి. 2007 పిమ్మట తెలియదన్న మాట కర్మాగారాధిపతికి చెల్లదు. తెలుపుటకు ఎవరును రానందున గృహస్థుని అజ్ఞానము కొంత క్షమింపదగినది.

తీర్థమునకు మాలిన్యమంటదను భక్తులు కలరు. ఇసుకవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలియును; మంజీర కందకుర్తివద్ద గోదావరి చేరును. ఆ దిగువన బాసర, ధర్మపురి, భద్రాచలము కలవు. అంత పెద్ద నదిలో ఏదైనను కరిగిపోవునని వారి ధైర్యము. జలములకు నారములని పేరనియు, అవి స్థానముగా గలవాడు గనుక భగవంతుడు నారాయణుడనియు చెప్పిన మనువే, నీటిలో మలమూత్రములనేగాక విషములను సైతము విడువరాదని శాసించెను. తీర్థము పావనము చేయుననుట దాని మహిమ. దానిని శుచిగా నుంచుట దానిలో మునుగువాని విధి. తల్లి కొంగు బిడ్డ మూతి తుడుచుకొనుటకే గాని బురదకాళ్లు తుడుచుకొనుటకు గాదు. కలశములో ఏలకులు, పచ్చకర్పూరము వేసి పరిమళింపజేయు అర్చకుడు ఆ నీరు ఏ బావిదో, ఆ బావికి ఎగువన ఏమున్నదో విచారించుట గూడ ఆరాధనలో చేరినదే.

మందులను మానవలెనని చెప్పుట అవివేకము. కాళియుని కథ ఇచ్చట స్మరింపదగినది. విషజలము త్రాగి గోవులు, గోపాలకులు పడిపోయినపుడు శ్రీకృష్ణుడు వారిని బ్రతికించి, మడుగులో దుమికి కాళియుని పడగలపై నర్తించెను. అయినను వానిని చంపలేదు. గోవులును మనుజులును ఈ నదిని అనుభవింతురుగాక, నీవు సపరివారముగా సముద్రమునకు పొమ్మనెను. విషమును త్రాగునీటికి దూరము చేయుటయే అచ్చటి న్యాయము. మందుల కర్మాగారమునకును అదియే వర్తించును: వ్యర్థజలమును బయటకు విడువక ఆవిరిచేసి, మిగిలిన మడ్డిని నేలకు ఊరకుండ భద్రపరచు పద్ధతి కలదు, ఖర్చు అధికమే. క్రిమినాశక మందులు వ్యర్థజలమున ఎంతకు మించరాదో నిర్ణయించుచు కేంద్రప్రభుత్వము 2020 జనవరిలో ముసాయిదా వెలువరించెను. 2021లో తుది నియమములు వచ్చునప్పటికి ఆ హద్దులు అందు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రము 2024 సెప్టెంబరులో ఈ విషయమై మార్గదర్శకములను ప్రకటించినది.

కాళియుడు వెడలిన క్షణముననే యమున విషము తొలగి అమృతజల ఆయెనని శుకుడు పరీక్షిత్తునకు చెప్పెను. పటాన్‌చెరు పరిసరపు బావులకు ఆ సౌలభ్యము లేదు. పైనుండి చేరునది నేడే నిలిచినను, ఇదివరకు నేలలోనికి దిగినది వానలకు పలుచబడి తొలగిపోవుటకు ఏండ్లు పట్టును.