పరిచారకుని తప్పిదము

వైద్యశాలలో నొక తప్పిదము జరిగినపుడు దానికి బాధ్యు లెవరు? చేసినవారే యని లోకము తటాలున బలుకును. ఈ సమాధాన మంత సులభముగా నంగీకరింపదగినది కాదని మా యభిప్రాయము.

చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు నాలుగు గుణము లుండవలెనట: ఉపచారము నెఱుగుట, దక్షత, అనురాగము, శుచిత్వము. వీనిలో మొదట బేర్కొనబడినది జ్ఞానము. జ్ఞానము పుట్టుకతో వచ్చునది కాదు. ఎవరో యొకరు నేర్పవలెను. ఆ నేర్పవలసినవారి ధర్మమును గూర్చియే మేమిచట విచారింపదలచితిమి.

మే మెఱిగిన యొక చిన్న వైద్యశాలలో జరిగిన సంగతి యిది. జ్వరముతోనున్న పసిబిడ్డకు వైద్యుడు పారాసెటమాల్ సిరపు అయిదు మిల్లీలీటర్లు పట్టుమని వ్రాసెను. క్రొత్తగా కొలువున జేరిన యువతి సిరపునకు మాఱుగా చుక్కల మందు సీసా నిచ్చి, అదే కొలత చెప్పెను. ఆ సిరపునందు అయిదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల మందు కలదు; చుక్కల మందునందో, ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు. బిడ్డకు నాలుగింతల మందు పడవలసినది. తల్లి గుమ్మము దాటకమున్నే వైద్యుడు చూచుటచే నాపద తప్పినది.

ఆ సాయంకాలమే యువతి కొలువు పోయినది. రెండు సీసాలకు గల భేదమును ఆమెకెవరును జెప్పియుండలేదు. ఆ రెండును ఒక్క యరలోనే యుండెడివి. ఆమె స్థానమున వచ్చిన మఱియొకతెయు నదే యరయొద్ద నిలిచినది. పూర్వపుటామె గతి వినినపిదప, తప్పు జరిగినచో దాచవలెననుటయే యీమె నేర్చుకొన్న మొదటి పాఠమై యుండును.

దండన యెన్నడును గూడదని మేము చెప్పము. నేర్పి, తోడు నిలిచిన పిదపను నిర్లక్ష్యము వీడనివానిని తొలగింపవలసినదే. కాని నేర్పనివానికి, నేరనివానిని శిక్షించు నధికారము లేదు. తరగతిలో సగముమంది యొకే లెక్క తప్పినచో, ఉపాధ్యాయుడు బెత్తమును గాక తన బోధనను ముందు పరీక్షించుకొనవలదా?

అయినను శిక్షణ యొక్కటియే చాలునా? పశ్చిమ వంగదేశమున బీర్భూము జిల్లాలో, పట్టములేని గ్రామవైద్యులకు తొమ్మిది నెలలు శిక్షణ యొసగి ఫలితమును బరీక్షించిరి. ఆ పరిశోధన 2016లో ప్రకటింపబడినది. రోగమునకు దగిన చికిత్స చేయుటలో వారు మెఱుగుపడిరి. అనవసరమైన మందులిచ్చుట మాత్రము తగ్గలేదు. మందులవలననే జీవనము సాగువానికి, మందునే కోరు రోగి యెదుటనుండగా, తెలిసిన విషయ మాచరణకు రాకుండుట యాశ్చర్యము కాదు. జ్ఞానము త్రోవ జూపును. ఆ త్రోవను నడువగల పరిస్థితులను వేఱుగా గల్పింపవలెను.

ఇందుకు గొప్ప ధనము నవసరము లేదు. సీసాలను వేఱువేఱు అరలలో నుంచి పెద్ద యక్షరములతో బేరులు వ్రాయవచ్చును. వారమునకొక యరగంట వైద్యుడును, నర్సును, కాంపౌండరును కూర్చుండి, జరిగిన పొరపాట్లను నిందలు లేక ముచ్చటించుకొనవచ్చును. సందేహమున్నచో అడిగినవారిని గసరకుండవచ్చును. నేర్చినవారు మఱియొకచోటికి బోవుదురు గదా యని కొందఱందురు. పోయినను వారా విద్యతో నింకొక రోగికి మేలు చేయుదురు. నేర్వనివారు మనయొద్దనే యుండుట యంతకంటె నపాయకరము.

గృహస్థులమైన మన వంతును గలదు. మందిచ్చువారు చీటిని రెండవమారు చదివి, బిడ్డ వయస్సును, బరువును మరల నడిగినపుడు మనము విసుగుకొందుము. ఆ రెండు నిమిషములు మన బిడ్డకొఱకే. అడిగినవారిని జూచి నొసలు ముడువక, ఓపికతో బదులు చెప్పుద మేని, వారి శిక్షణలో మనమును కొంత పాలుపంచుకొన్నవార మగుదుము.