రెండో వరస

సౌదీలో నాలుగేళ్ళున్న తెలుగువాణ్ణి ఎవరినైనా కదిపి చూడండి, రెండో వరస పార్కింగు గురించి అరగంట చెబుతాడు. రియాద్‌లో బత్‌హా సందులైనా, జెద్దాలో షరఫియా అయినా సంగతి ఒకటే. మీరు బుద్ధిగా గీతల మధ్య కారు పెట్టి కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి, దాని వెనకాల అడ్డంగా ఇంకో కారు ఉంటుంది. అందులో మనిషి ఉండడు. పక్కన మసీదు, అయిదారు కొట్లు, పైన నాలుగంతస్తుల ఇళ్ళు. ఆయన వీటిలో ఎక్కడున్నాడో చెప్పగలిగినవాడు ఉండడు.

మన దేశంలో ముంబై, ఢిల్లీ లాంటి ఇరుకు ఊళ్ళలో దీనికొక మర్యాద ఉంది. అడ్డంగా పెట్టేవాడు హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా, గేరు న్యూట్రల్‌లో వదిలి వెళ్తాడు. ఇరుక్కున్నవాడు ఇంకొకరి సాయంతో బండిని కాస్త ముందుకు తోసి తన దారిన తాను పోతాడు. సౌదీలో ఆ వీలు లేదు. దాదాపు అన్నీ ఆటోమేటిక్ కార్లే, తాళం వేసి వెళ్తే చక్రం కదలదు. ఇక మిగిలినవి మూడు దారులు: హారన్ కొట్టడం, ట్రాఫిక్ పోలీసులకు ఫోన్ చెయ్యడం, నోరు మూసుకుని నిలబడడం. మనవాళ్ళలో ఎక్కువమంది పట్టేది మూడో దారి. నా సందేహమల్లా దాని గురించే. అది ఓర్పా, భయమా?

ముందు అడ్డం పెట్టినవాడి సంగతి చూద్దాం. ఆయనేమీ దుర్మార్గుడు కాదు. తిరిగి వచ్చి మిమ్మల్ని చూడగానే గుండె మీద చెయ్యి వేసుకుని "మాలేష్" అంటాడు, ఏమీ అనుకోవద్దని. అయిదు నిమిషాలే కదా అంటాడు. నిజమే కావచ్చు. దూరంగా పెట్టి నడిచి వస్తే ఆ అయిదు నిమిషాలు ఆయనకు ఖర్చయ్యేవి, ఇప్పుడు మీకు ఖర్చయ్యాయి. లెక్క చెల్లుకు చెల్లు అనిపిస్తుంది. కానీ తన అయిదు నిమిషాల విలువ ఆయనకు తెలుసు. మీ వాటి విలువ తెలియదు, అడగనూ లేదు. మీరు నొప్పులు పడుతున్న భార్యను ఆసుపత్రికి తీసుకెళ్ళాలో, ఇంటికి పోయి టీవీ చూడాలో ఆయన ఆలోచనలోకే రాలేదు. తప్పు నిమిషాల్లో లేదు. మీరు చెయ్యాల్సిన నిర్ణయం మీ పరోక్షంలో ఆయన చేసెయ్యడంలో ఉంది.

నమాజు వేళ ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ఇదివరకు ఆ కాసేపూ కొట్లన్నీ మూసేసేవారు. 2021 జూలైలో అక్కడి వాణిజ్య మండళ్ళ సమాఖ్య, తెరిచి ఉంచుకోమని సర్క్యులర్ ఇచ్చాక ఆ పట్టు సడలింది గానీ, శుక్రవారం మధ్యాహ్నం మసీదుల ముందు కార్ల వరసలు సడలలేదు. దేవుడి పని మీద వెళ్ళినవాణ్ణి తప్పు పట్టడమేమిటని మనలో చాలామందికి మొహమాటం. నాకా మొహమాటం వదిలించింది కడప నుంచి వచ్చిన ఒక ముస్లిం మిత్రుడు. "అన్నా, దారిలో ఉన్న ముల్లు తీసి పక్కన పారెయ్యడం కూడా ఈమాన్‌లో భాగమేనని మా హదీసుల్లో ఉంది. అట్లాంటిది దారికే అడ్డం పెట్టి నమాజుకు పోతే ఏం లాభం?" అన్నాడు.

అలాగని మనమేం తక్కువ తినలేదు. పెళ్ళొస్తే వీధికి అడ్డంగా షామియానా వేస్తాం. వినాయక చవితికి నడిరోడ్డు మీద పందిరి వేసి, వచ్చేపోయేవాళ్ళను చుట్టూ తిరిగి పొమ్మంటాం. కారణం మంచిదైతే అడ్డం నిలవడం కూడా మంచిదే అయిపోతుందనుకోవడం ఏ ఒక్క దేశం సొత్తూ కాదు.

ఇప్పుడు ఇరుక్కున్నవాడి సంగతి. 2022 జనాభా లెక్కల్లో సౌదీలో ఉన్న 3.22 కోట్ల మందిలో 1.34 కోట్ల మంది పరాయి దేశాలవాళ్ళు. వాళ్ళలో పెద్ద కంపెనీ ఇంజినీరూ ఉన్నాడు, కరీంనగర్ నుంచో నిజామాబాద్ నుంచో హౌస్ డ్రైవరు వీసా మీద వచ్చినవాడూ ఉన్నాడు. ఇద్దరి కార్లకూ ఒకేలా అడ్డం పెట్టారనుకోండి. ఇంజినీరు ఇంటికి ఆలస్యంగా వెళ్ళి, భార్యకు కథలా చెప్పి నవ్విస్తాడు. డ్రైవరు ఆలస్యమైతే స్కూలు ముందు ఎండలో నిలబడ్డ పిల్లలు, ఫోన్లో యజమాని కేకలు, ఒక్కోసారి జీతంలో కోత. 2018 జూన్ 24 నుంచి ఆడవాళ్ళు కార్లు నడుపుతున్నా ఇంటి డ్రైవర్ల ఉద్యోగాలు ఉన్నాయి, వాటి కష్టాలూ ఉన్నాయి. 2021 మార్చి 14న, కఫీల్ అనుమతి లేకుండానే కొన్ని షరతుల మీద ఉద్యోగం మారే వీలు కల్పించే సంస్కరణ అమల్లోకి వచ్చినప్పుడు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళను అందులో చేర్చలేదు. కారు ఒక్కటే కాదు, మనిషి కూడా ఇంకొకరు కదిలితే తప్ప కదలలేని పరిస్థితి.

అలాంటివాడు నోరు మూసుకుని నిలబడితే "ఎంత ఓర్పండీ!" అని మెచ్చుకోవడం అన్యాయం. నోరెత్తితే మాట పెరుగుతుంది. మాట పెరిగితే పోలీసు వస్తాడు. పోలీసు వస్తే ఇఖామా అడుగుతాడు. తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో ఎంత దూరం వాదించగలడో అతనికి తెలుసు. ఎదురు చెప్పగలిగి ఊరుకుంటే ఓర్పు. చెప్పలేక ఊరుకున్నదానికి ఆ పేరు చెల్లదు. అలాగని పిరికితనమూ అనలేం. ఊళ్ళో వీసా కోసం చేసిన అప్పు, చెల్లెలి పెళ్ళి తలుచుకుని కోపాన్ని మింగినవాడు తన పని తాను చేస్తున్నాడు. దాన్ని బాధ్యత అందాం.

మరి కాస్త నిలదొక్కుకున్న మనలాంటివాళ్ళ మౌనం? దానికో పరీక్ష ఉంది. అడ్డంగా ఉన్నది పెద్ద జీఎంసీ అయితే చేతులు కట్టుకుని నిలబడే పెద్దమనిషి, అదే చోట బంగ్లాదేశీ కుర్రాడి డెలివరీ వ్యాను ఉంటే ఏం చేస్తాడు? హారన్ మీంచి చెయ్యి తియ్యకపోతే, మొదటిసారి ఆయన చూపించింది ఓర్పు కాదని తేలిపోయినట్టే. మనిషి ఓర్పును తనకంటే చిన్నవాడి దగ్గర కొలవాలి. పెద్దవాడి దగ్గర అందరూ శాంతమూర్తులే.

నాకు తోచిన న్యాయం ఇది. మాట్లాడితే ఎవరికి తక్కువ నష్టమో, మాట్లాడాల్సిన బాధ్యత వాళ్ళదే. భాష వచ్చి, ఉద్యోగానికి భయం లేనివాడు "మాలేష్" అన్న మనిషితో నవ్వుతూనే, "పరవాలేదు, కానీ ఈసారి అద్దం దగ్గర మీ ఫోన్ నంబరు పెట్టి వెళ్ళండి" అని చెప్పాలి. చాలామంది సౌదీలు ఆ నంబరు పెడుతూనే ఉన్నారు, పిలిస్తే పరిగెత్తుకుని వస్తున్నారు కూడా. ఆటోమేటిక్ బండికి న్యూట్రల్ గేరు ఆ నంబరే. ఒకరికి అడ్డం నిలవక తప్పనప్పుడు, తొలగించుకునే ఉపాయం వాళ్ళ చేతిలో పెట్టి వెళ్ళడం కనీస ధర్మం. ఆ ఒక్క మాట ఇంజినీరు ఈరోజు అడిగితే, రేపు అదే చోట ఇరుక్కున్న డ్రైవరు, ఎవరితోనూ గొడవ పడకుండా, పిల్లలు బయటికొచ్చే వేళకి స్కూలు దగ్గరుంటాడు.