రోహిణి ఎండలో గరిక

మే నెలాఖరు వచ్చిందంటే వికారాబాద్‌లోనైనా తాండూరులోనైనా ఇంటి ముందు ఇష్టంగా పెంచుకున్న గడ్డిని చూడబుద్ధి కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఉగాదికి పచ్చగా ఉన్న చోట ఇప్పుడు అడుగు వేస్తే కరకరమంటుంది. తాండూరులో ఇంకాస్త కష్టం. వాకిలంతా నాపరాళ్లు పరిచి ఉంటాయి కదా, మధ్యాహ్నానికి అవి కాలి, పక్కనున్న గడ్డి అంచుల్ని ముందుగా మాడ్చేస్తాయి. ఇల్లు పాలిషింగ్ యూనిట్ల వైపైతే ఆకుల మీద రాతిపొడి కూడా పేరుకుంటుంది.

ఆ గడ్డిని చూసి మీరేమనుకున్నారు? ఇక లాభం లేదు, చచ్చిపోయింది అనే కదా?

ఈ మధ్య మీ గురించి కూడా మీరు అలాగే అనుకుంటున్నారేమో. ప్రార్థనకు కూర్చుంటే మాట రాదు. ఆదివారం చర్చికి వెళ్లొచ్చినా మనసు పొడిగానే ఉంటుంది. పిల్లల ఫీజు, చిట్టీ వాయిదా, అమ్మ మోకాళ్ల నొప్పి, ఇవన్నీ రాత్రి లైటు తీశాక ఒక్కొక్కటిగా తలుపు తడతాయి. పొద్దున లేచేసరికే అలసట. నాలో విశ్వాసం ఇంకా ఉందా అని ఎవరినీ అడగలేక మీలో మీరే ప్రశ్నించుకుంటున్నారా?

ఒక్క నిమిషం ఆ గడ్డి దగ్గర కూర్చోండి. ఎండిన పోచల్ని వేళ్లతో పక్కకు తీసి, నేలను పట్టుకుని పాకిన ఒక గరిక తీగను చూడండి. మెల్లగా లాగితే ఊడి రాదు. కణుపు దగ్గర గోటితో గీరండి. లోపల తెల్లగా, లేతగా, కాస్త తడి తగులుతుంది. గరిక బతికే ఉంది! నీళ్లు కరువవగానే అది ఆకుల్ని ఎండనిచ్చి, ఉన్న సత్తువంతా మట్టి కింద పాకే తీగల్లో, వేళ్లలో దాచుకుంది. ఎండినట్టు కనబడటం దాని బతుకు తెరువు. ఆ తెలివి దానికి పెట్టింది ఎవరు? కొండమీద ప్రసంగం చేసిన రోజున యేసు ప్రభువు, తిండికీ బట్టకీ దిగులుపడుతున్న మనుషులకు పొలంలోని గడ్డినే చూపించాడు. ఆ గడ్డిని కనిపెట్టుకుని ఉన్న తండ్రి మిమ్మల్ని పైపైన చూసి పక్కన పెట్టేస్తాడా? మీకే కనబడని వేరు ఆయనకు కనబడుతుంది.

కంగారులో మనం చేసే పనులే గడ్డికి ఎక్కువ చేటు. త్వరగా పచ్చబడాలని యూరియా చల్లుతాం. నీళ్లు లేని నేలలో అది మిగిలిన వేరునూ కాల్చేస్తుంది. మిట్టమధ్యాహ్నం పైపు పట్టుకుని రోజూ పైపైన చిలకరిస్తాం. సగం నీళ్లు ఆవిరైపోతాయి, మిగిలిన తడి కోసం వేళ్లు పైపైనే తిరుగుతాయి తప్ప లోతుకు దిగవు. తెలిసిన మాలీని అడగండి, తెల్లవారుజామున, అరుదుగా, లోతుగా తడపమంటాడు. నిద్రపోతున్న గరికకు రెండు వారాలకోసారి తడిపినా ప్రాణం నిలుస్తుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న చోటికి పదిహేను లీటర్ల బకెట్లు ఏడెనిమిది చాలు. కూరగాయలు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు కలిపితే ఇంకా తక్కువే. వీధిలో ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో ఉన్నప్పుడు మన గడ్డి పచ్చగా ఉండాలని పైపు వదిలేయటం నాకు సమ్మతం కాదు. అసలు గడ్డి కూడా అంత అడగటం లేదు. నర్సరీ నుంచి తెచ్చి ఈ మధ్యే పరిచిన గడ్డి మాటే వేరు. దానికి ఇంకా వేరు దిగలేదు, కాబట్టి దాన్ని తరచుగా చూసుకోవాలి. కొత్తగా సంఘంలోకి వచ్చిన వాళ్లని చూసుకున్నట్టే.

నేల సంగతి కూడా చూడాలి. వికారాబాద్ చుట్టుపక్కల ఎర్రనేలలు గబగబా తాగి గబగబా ఆరిపోతాయి. తాండూరు వైపు నల్లరేగడి ఎండకు బీటలు వారుతుంది, కానీ ఒకసారి తాగిందంటే చాలా రోజులు తడిని పట్టుకుంటుంది. కందికి అంత పేరు తెచ్చిన నేల అది. నలభై కిలోమీటర్ల దూరంలోనే ఇంత తేడా ఉన్నప్పుడు, పక్కింటావిడ నవ్వుతూ పాటలు పాడుతోందని మీ మౌనాన్ని ఎందుకు నిందించుకోవటం? ఆమె నేల వేరు, మీ నేల వేరు. రెండింటినీ చేసినవాడు ఒక్కడే.

విశ్రాంతి మాటకొస్తే, వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండ మీద నిజాం కాలం నాటి క్షయ ఆసుపత్రి ఉంది. క్షయకు సరైన మందులు లేని రోజుల్లో వైద్యులు చెప్పగలిగింది మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. పడుకోవటమే అప్పట్లో చికిత్స. మనం మాత్రం పడుకున్నా తప్పు చేసినట్టు లేచి కూర్చుంటాం. అలసినవాళ్లందరినీ తన దగ్గరికి పిలిచిన ప్రభువు, వాళ్ల చేతికి ఇంకో పని పెట్టటానికి పిలవలేదు. ఈ మాట మీరు నిజంగా నమ్ముతున్నారా?

ఇక కోత సంగతి. గడ్డి ఎండి ఉన్నన్నాళ్లూ మిషన్ దాని జోలికి పోకూడదు. మృగశిర వచ్చి, నాలుగు వానలు పడి, పచ్చదనం తిరిగొచ్చాక కోయొచ్చు. అప్పుడైనా ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. మూడంగుళాలు పెరిగితే ఒక అంగుళమే. బ్లేడు పదునుగా ఉండాలి. మొద్దుదైతే పోచ తెగకుండా చీలుతుంది, చీలిన కొస ఎర్రబారుతుంది. కోసిన ముక్కల్ని అక్కడే వదిలేస్తే నేలకు నీడ, తర్వాత ఎరువు.

గడ్డిని కోసినా ఎందుకు చావదో తెలుసా? దాని ఆకు కింది నుంచి పెరుగుతుంది. కొత్త పోచ పుట్టే చోటు నేలకు ఆనుకుని, కత్తికి అందనంత కింద ఉంటుంది. ఈ ఏడు మీ జీవితంలో కూడా ఏదో తెగి ఉండొచ్చు. ఉద్యోగం కావచ్చు, కుదిరిందనుకున్న పెళ్లి సంబంధం కావచ్చు, ఇంట్లో ఒక మనిషే కావచ్చు. ఆ నొప్పి చిన్నదని నేను అనను. కానీ మీరు పెరిగే చోటు ఆయన చేతిలో ఉంది, అక్కడికి ఏ కత్తీ రాదు. 72వ కీర్తనలో నీతిగల రాజు రాకను కోసిన గడ్డి మీద పడే వానతో పోల్చారు. ఆ వాన వెతుక్కుంటూ వచ్చింది ఏపుగా పెరిగిన గడ్డిని కాదు, కోత పడిన గడ్డిని. ఆ మాట ఈ రోజు మీ కోసమే అనుకుని చదువుకోండి.

తండ్రీ, మా ఎండిన ఆకుల్ని చూసి మేం భయపడుతున్నాం. మా వేరును నీవు చూస్తున్నావని నమ్మే మనసు ఇవ్వు. ఈ రోజుకు చాలినంత తడి ఇవ్వు. ఆమేన్.

ఈ రోజు పచ్చగా కనబడాలని మనల్ని మనం తొందరపెట్టుకోవద్దు. పెద్ద ప్రార్థన రాకపోతే పొయ్యి దగ్గర నిలబడి ఒక్క వాక్యం చెప్పుకుందాం. చేయాల్సిన పనుల్లో రేపటికి ఆగగలిగేది ఒకటి ఏరి, నిజంగానే రేపటికి వదిలేద్దాం. సాయంత్రం, మన లాగే ఎండిపోయి కొన్నాళ్లుగా ఎవరితోనూ మాట్లాడని ఒకరికి ఫోన్ చేసి, ఎలా ఉన్నారని అడిగి, వాళ్లు చెప్పేది చివరిదాకా విందాం.