తెర ఎంత వెడల్పు?

ప్రోగ్రామ్‌కు కళ్లు లేవు. తాను ఏ తెర మీద కనబడబోతోందో దానికి తెలియదు. వెడల్పెంత, ఎత్తెంత అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగాలి, అది చెప్పిన అంకెను నమ్మాలి. నైయాయికులు చెప్పిన నాలుగు ప్రమాణాల్లో ప్రత్యక్షం దానికి లేనే లేదు. ఉన్నది శబ్దం, అంటే ఆప్తుడి మాట. తెనాలిలో కూర్చుని దుకాణాలకూ రైసు మిల్లులకూ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసుకునే నాకు, ఆప్తుడెవరు, అతని మాట ఎంతవరకు నిజం అన్నవి పండితుల చర్చలు కావు. నా పని నడవడమో ఆగడమో వాటి మీదే ఉంటుంది.

రేపల్లెలో రొయ్యల మేత అమ్మే దుకాణంవాళ్లు కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. అందులో నడిచేది ఎవరో ఎప్పుడో విజువల్ బేసిక్ 6లో రాసిచ్చిన పాత ప్రోగ్రామ్. బిల్లు ఫారంలో అక్షరాలన్నీ మసకబారాయి. కళ్లజోడు మార్చాలేమో అనుకున్నాడు యజమాని. ఆ ప్రోగ్రామ్‌లోంచే తెర కొలత అడిగి చూశాను: 1536, 864 అని వచ్చింది. అదే యంత్రంలో సెట్టింగ్స్ తెరిస్తే 1920, 1080 అని ఉంది, స్కేలింగ్ 125 శాతం.

కారణం తెలిసిందే. స్కేలింగ్ సంగతి తనకు తెలుసని చెప్పుకోని ప్రోగ్రామ్‌కు విండోస్ ఒక కల్పిత తెరను చూపుతుంది. 2007లో వచ్చిన విస్టా కాలం నుంచీ ఈ ఏర్పాటు ఉంది. ప్రోగ్రామ్ ఆ చిన్న తెర మీద బొమ్మ గీస్తుంది, సిస్టమ్ దాన్ని ఒకటింబావు రెట్లు సాగదీసి అసలు తెర మీద పరుస్తుంది. ఆ కల్పిత తెర లోపల ఏ లెక్కా తప్పదు. మధ్యన పెట్టిన కిటికీ మధ్యనే ఉంటుంది, బటన్ మీద నొక్కితే బటన్‌కే తగులుతుంది. కాకపోతే ఒక పిక్సెల్ మందం గీత ఒకటింబావు పిక్సెళ్లు కావాలి. పిక్సెల్‌లో పావు అంటూ ఉండదు గనుక, అంచులు పక్క రంగులో కలిసిపోతాయి.

మరి సిస్టమ్ చెప్పింది అబద్ధమా? బాపట్లలో భావనారాయణస్వామి గుడికి దగ్గర్లో ఉండే మా మావయ్యను అడిగాను. రామానుజుల శ్రీభాష్యం గురుముఖంగా చదువుకున్న మనిషి. నా పక్షం ముందే చెప్పాను: అద్వైతులు వ్యావహారిక సత్యం అనేది ఇదే కదా మావయ్యా, పని నడిచినంతసేపూ నిజం, 1920 తెలిశాక బాధితం, అంటే చెల్లదు, కాబట్టి 1536 మిథ్య అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "తాడును పామనుకున్నట్టు కాదురా ఇది. నీ 1536లో 1920 ఉంది. ఒకటింబావు పెట్టి గుణించి చూడు" అన్నారు. చూశాను. 1536 సరిగ్గా 1920 అవుతుంది, 864 సరిగ్గా 1080 అవుతుంది. రామానుజుల వారి యథార్థఖ్యాతి అదేనన్నారు: పొరపాటు జ్ఞానానికి కూడా ఆలంబనం సత్యమే, లోపమంతా అది పూర్తిగా కనబడకపోవడంలోనే ఉంది. ఈ ఉదాహరణ వరకు ఆయన మాటే బలమైనదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అయితే మేమిద్దరం వచ్చిన జవాబునే పరీక్షిస్తూ కూర్చున్నాం. అడిగినవాడి సంగతి చూడలేదు. శాస్త్రం అందరికీ ఒకే ఉపదేశం చేయదు, అధికారిని బట్టి, అంటే వినేవాడి అర్హతను బట్టి చేస్తుంది. ప్రోగ్రామ్ తన గురించి సిస్టమ్‌కు చెప్పుకునే మ్యానిఫెస్టులో "స్కేలింగ్ బాధ్యత నాది" అని ప్రకటిస్తే సిస్టమ్ ఆ క్షణం నుంచి 1920 అనే చెబుతుంది. సాగదీయడం మానేస్తుంది. అక్షరాలు స్పష్టంగా వస్తాయి, చిన్నవీ అయిపోతాయి. ఇక ఫాంటూ బటనూ గడుల వెడల్పూ ప్రోగ్రామే పెంచుకోవాలి. 2013లో వచ్చిన విండోస్ 8.1 నుంచి, కిటికీని వేరే స్కేలింగ్ ఉన్న మానిటర్ మీదికి లాగితే ఆ సంగతీ సందేశంగా వస్తుంది, అప్పుడు అమరికంతా మళ్లీ వేసుకోవాలి. అధికారమంటే ఈ బరువే. రేపల్లె దుకాణంలోని ఆ పాత ప్రోగ్రామ్‌కు 1920 అని చెప్పి వదిలేసి ఉంటే, యజమానికి చీమల బారు తప్ప బిల్లు కనబడేది కాదు. సిస్టమ్ అతణ్ణి మోసగించలేదు, కాపాడింది.

మోసం మరోచోట ఉంది. అంకె నికరంగా వస్తుందని మ్యానిఫెస్టులో ఆ ఒక్క వాక్యం రాసేసి, మిగతా పని చేయకుండా వదిలేసే ప్రోగ్రాములు ఉన్నాయి. నేను దాన్ని అసత్యమే అంటాను. లేని అధికారాన్ని ప్రకటించుకోవడం అది. చూపు తగ్గిన పెద్దవాళ్లు తెరకు ముఖం ఆనించి ఆ చిన్న అక్షరాలు చదువుకోవాల్సి వస్తుంది.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు భట్టిప్రోలు మీదుగా పోతుంది. అలెగ్జాండర్ రీ 1892లో ధాతుకరండాలు తవ్వి తీసిన బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. ఆ స్టేషన్ వచ్చినప్పుడల్లా బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు గుర్తొస్తాడు. ప్రత్యక్షం, అనుమానం తప్ప ఆయన మరో ప్రమాణాన్ని ఒప్పుకోలేదు. శబ్దం కూడా ఆయనకు అనుమానంలో భాగమే. అడగడంతో మన పని తీరదన్నమాట: చెప్పిందెవరు, ఏ మానిటర్ గురించి, ఎప్పుడు అన్నది తేల్చుకోవాలి. ప్రధాన మానిటర్‌కు ఎడమవైపు రెండోది పెడితే దాని మీది స్థానాల అంకెలు సున్నాకు కిందకి, రుణసంఖ్యల్లోకి పోతాయి. ఎడమ అంచు ఎప్పుడూ సున్నాయే అనుకున్న ప్రోగ్రామ్ దాన్ని తెరగానే లెక్కపెట్టదు.

మావయ్యతో వాదం ప్రొజెక్టర్ దగ్గర మళ్లీ మొదలైంది. బాపట్లలో వ్యవసాయ విద్యార్థులకు విత్తనాల బొమ్మలను సరిగ్గా పదింతలు చేసి చూపే చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. మానిటర్ అయితే తన కొలత సెంటీమీటర్లలో తనే చెప్పగలదు. ప్రొజెక్టర్ సున్నా అని చెప్పవచ్చు, బొమ్మ సైజు గోడ దూరాన్ని బట్టి మారుతుంది గనుక. ఇక్కడ ఏ అంకెతో గుణించమంటారు అన్నాను. "గోడకు టేపు పెట్టి కొలువు, కొలిచింది దానికి చెప్పు" అన్నారాయన. చెప్పొచ్చు, నిజమే. అందుకని సెట్టింగ్స్‌లో ఒక గడి పెట్టాను. కొలతతోపాటు కొలిచినవారి పేరు, కొలిచిన తేదీ కూడా రాస్తేనే అది సేవ్ అవుతుంది.